నాగార్జునకొండ మ్యూజియం: నాన్నను తీసుకెళ్తున్నాను, ఏమేం చూపించాలి?

మాచర్ల మనవరాలు

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలా ఏళ్లుగా చదువుతున్నాను, రాయడం మాత్రం ఇదే మొదలు.

మా నాన్నకి 79 ఏళ్లు. పుట్టింది నాగార్జునకొండ లోయలో, పుల్లారెడ్డిగూడెంలో. ఆ ఊరు ఇప్పుడు సాగర్ నీళ్ల కింద ఉంది. 1954 నుంచి అక్కడ పెద్ద ఎత్తున తవ్వకాలు జరిగినప్పుడు మా తాత మట్టి తట్టలు మోశాడు. నాన్న బడి ఎగ్గొట్టి ఆ గుంతల గట్ల మీద కూర్చుని చూసేవాడట. తర్వాత ఊరు ఖాళీ చేయించారు. మాచర్ల దగ్గర స్థిరపడ్డారు. మా ఇంటి నుంచి లాంచీ రేవు ఎంతో దూరం లేదు. అయినా ఇన్నేళ్లలో ఆయన ఒక్కసారి కూడా కొండ మీది మ్యూజియానికి వెళ్లలేదు. ఎప్పుడడిగినా "మన ఇంటి మీద నుంచి పడవలో పోవాలా" అనేవాడు.

పోయిన నెల మనవడి పుట్టినరోజు నాడు, అన్నం తింటూ తింటూ, "ఒకసారి ఆ కొండ చూసొద్దాం" అన్నాడు. నాకు నోట మాట రాలేదు.

నేను ఎనిమిదో తరగతిలో స్కూలు వాళ్లతో వెళ్లాను. పులిహోర పొట్లం, లాంచీలో గాలి తప్ప ఏమీ గుర్తు లేవు. అక్కడ ఏముంది, ఏది తప్పకుండా చూపించాలి, ఆయన నడవగలడా, వీటన్నింటి కంటే ముఖ్యంగా ఆయన ఊరి గుర్తు ఏదైనా ఉందా? దయచేసి తెలిసినవాళ్లు చెప్పండి.

సాగర్ హిల్‌కాలనీ

అక్కా, ముందు ప్రయాణం సంగతి చెప్తా. మ్యూజియానికి శుక్రవారం సెలవు. ఇది తెలియక వచ్చి రేవు దగ్గర్నుంచే తిరిగిపోయేవాళ్లను చాలామందిని చూశాను. మీకు విజయపురి సౌత్ రేవు దగ్గర. మా వైపు నుంచి కూడా లాంచీ ఉంటుంది. గాలి ఎక్కువగా ఉన్నా, జనం సరిపోకపోయినా నడపరు. పొద్దున్నే ఫోన్ చేసి కనుక్కునే బయల్దేరండి. నీళ్ల మీద ఇంచుమించు గంట ప్రయాణం. దిగాక కొంచెం నడక ఉంది, మెల్లగా నడిస్తే పెద్దాయనకు కష్టం కాదు, ఎండే ఇబ్బంది. చలికాలంలో మొదటి లాంచీకి వెళ్తే మంచిది. తిరుగు లాంచీ ఎప్పుడో దిగేటప్పుడే అడిగి పెట్టుకోండి. హడావిడిగా చూసి వచ్చే చోటు కాదది.

ఇంకో మాట. మా నాయన డ్యామ్ కట్టేటప్పుడు అక్కడ రాళ్లు మోసినోడు. మీ ఊరు మునిగిన నీళ్లతోనే మా ఇంట్లో అన్నం ఉడికింది. మీ నాన్నగారికి నా తరఫున దండం పెట్టానని చెప్పండి.

శాసనాల శీను

మీ చివరి ప్రశ్నకి ముందు జవాబు చెప్తాను. ఉంది. మ్యూజియంలో ఆ లోయ మొత్తానికి ఒక నమూనా పెట్టారు. నీళ్లు రాక ముందు కొండలు ఎలా ఉండేవి, ఏ స్తూపం ఎక్కడ, ఏ గుడి ఎక్కడ, నది ఎటు పారేది అన్నీ అందులో కనిపిస్తాయి. శిల్పాలు చూసి అలసిపోయి చాలామంది దాని ముందు నుంచి నడిచి వెళ్లిపోతారు. నన్నడిగితే మీ నాన్నగారిని ముందు దాని దగ్గరికే తీసుకెళ్లండి.

ఇక కథ. 1926లో సూరపరాజు వెంకటరామయ్య అనే బడిపంతులు అక్కడ ఒక పాత రాతి స్తంభం చూసి మద్రాసు ప్రభుత్వానికి తెలియజేశారు. శాసనాల శాఖలో తెలుగు సహాయకుడిగా ఉన్న ఎ. రంగస్వామి సరస్వతి వచ్చి చూసి, ఇది మామూలు చోటు కాదని గుర్తుపట్టారు. 1927 నుంచి 1931 వరకు పురావస్తు శాఖ అధికారి లాంగ్‌హర్స్ట్, 1938లో టి.ఎన్. రామచంద్రన్ తవ్వారు. డ్యామ్ ఖాయమయ్యాక, మునిగేలోపు లోయనంతా గాలించాలని 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో తవ్వకాలు సాగాయి. మీ తాతగారు తట్టలు మోసింది వాటిలోనే.

బయటపడింది ఏమిటంటే, విజయపురి. క్రీ.శ. మూడు, నాలుగు శతాబ్దాల్లో ఇక్ష్వాకుల రాజధాని. చాంతమూలుడు, అతని కొడుకు వీరపురుషదత్తుడు, మనవడు ఎహువుల చాంతమూలుడు, ఆ తర్వాత రుద్రపురుషదత్తుడు. ఒకే లోయలో 30కి పైగా బౌద్ధ ఆరామాలు, వాటి పక్కనే శివుడికి, విష్ణువుకి, కార్తికేయుడికి గుళ్లు. చాంతమూలుడు అశ్వమేధం చేసినవాడు, ఇంటి ఆడవాళ్లేమో బుద్ధుడికి స్తంభాలు నిలబెట్టినవాళ్లు. అంతకంటే వెనక్కి వెళ్తే రాతి గొడ్డళ్ల కాలం నుంచీ మనుషులున్నారు అక్కడ. ఆ రాతి పనిముట్లు కూడా మ్యూజియంలో ఉన్నాయి.

నీళ్లు రాక ముందే తొమ్మిది ముఖ్యమైన కట్టడాలను రాయి రాయి విప్పి, కొన్ని కొండ మీద, కొన్ని ఒడ్డున అనుపు దగ్గర తిరిగి కట్టారు. మ్యూజియం 1966లో తెరిచారు. మనం ఇప్పుడు ద్వీపం అంటున్నది నిజానికి ఒక కొండ. దాని మీద రెడ్డిరాజుల కాలపు కోట ఉండేది, ఆ కోట గోడల మధ్యే మ్యూజియం ఉంది.

మాచర్ల మనవరాలు

శీను గారూ, ఇది నాన్నకి చదివి వినిపించాను. "బడిపంతులు" అనగానే తలెత్తాడు. తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. సాగర్ తమ్ముడూ, నీ దండం చెప్పాను. "వాళ్ల నాయన ఏ ఊరు?" అని అడిగాడు.

రాయి ఉలి

నేను చెక్కుడు పని చేస్తాను. శిల్పాలు చూసే విషయంలో నాకు తెలిసింది చెప్తాను.

అక్కడి రాయి మన పలనాటి సున్నపురాయే. లేత ఆకుపచ్చ, బూడిదరంగు కలిసినట్టు ఉంటుంది. నల్లరాయిలా మొండికేయదు, సన్నని పనికి లొంగుతుంది. అందుకే అరచేతి మందం లోపల మూడు వరుసల మనుషుల్ని ఒకరి వెనక ఒకరిని చెక్కగలిగారు. ఆ పలకల ముందు ఎదురుగా నిలబడితే సగమే కనిపిస్తుంది. పక్కకి జరిగి, వెలుతురు ఏటవాలుగా పడేచోట నిలబడి చూడండి. వెనక వరుసలో ఉన్న మొహాలు అప్పుడు బయటికి వస్తాయి.

సిద్ధార్థుడు రాత్రివేళ ఇల్లు విడిచిపోయే సన్నివేశం దొరికితే గుర్రం కాళ్ల దగ్గర ఆగండి. డెక్కల చప్పుడుకి ఊరు లేవకుండా యక్షులు కింద కూర్చుని ఒక్కో డెక్కనీ అరచేతుల్లో పట్టుకుని ఉంటారు. వాళ్ల భుజాలు బరువుకి ఎలా వంగాయో చూడండి. నేను ఒక డెక్క, రెండు చేతులు మాత్రమే నాపరాయి మీద చెక్కుదామని ప్రయత్నించాను. మూడు వారాలు పట్టింది, వేళ్లలో ఆ బరువు రాలేదు.

రాజభవనం ఉన్నచోట దొరికిన స్తంభాలు కూడా వదలొద్దు. ఒకదాని మీద శక సైనికుడు ఉంటాడు, తలకి టోపీ, పొడుగు చేతుల అంగీ, పంట్లాం, చేతిలో బల్లెం. మన ఎండల్లో ఆ బట్టలేంటా అనిపిస్తుంది. ఇంకో స్తంభం మీద కొమ్ము పాత్ర పట్టుకుని, ఒంటి మీద సగం బట్టతో ఒకడుంటాడు, గ్రీకుల సారా దేవుడు డయోనిసస్ అని గుర్తించారు. రోము బంగారు నాణేలు కూడా ఆ లోయలో దొరికాయి కాబట్టి, అక్కడి శిల్పి అలాంటి బొమ్మను ఎక్కడో చూసే ఉంటాడు.

లెక్కల మాస్టారు

చాలా బాగా రాశారు. నేను గుంటూరు జిల్లాలో 34 ఏళ్లు పంతులుగా చేశాను. పిల్లల్ని పదిసార్లకు పైగా ఆ ద్వీపానికి తీసుకెళ్లాను. ఒక్క విషయం కలుపుతాను.

మ్యూజియంలో ఛాయాస్తంభాలు ఉన్నాయి. శాసనాల్లో "ఛాయాఖంభ" అని ఉంటుంది. చనిపోయినవారి రూపం చెక్కి నిలబెట్టిన రాయి. చాంతమూల మహారాజుకి అతని కొడుకు 20వ పాలనా సంవత్సరంలో ఇంటి ఆడవాళ్లు, అంటే తల్లులు, అక్కచెల్లెళ్లు, భార్యలు కలిసి ఒక స్తంభం నిలబెట్టారు. రాజు ఒకచోట కూర్చుని ఉంటాడు, ఒకచోట ఏనుగు మీద వెళ్తుంటాడు. యుద్ధంలో పోయినవాళ్లకు కూడా ఇలాంటి స్తంభాలున్నాయి. పిల్లలకు నేను ఇలా చెప్పేవాణ్ణి: ఫోటోని మనం ఛాయాచిత్రం అనేవాళ్లం కదా, పోయినవాళ్ల ఫోటోకి దండ వేస్తాం కదా, వీళ్లు అదే పని రాయితో చేశారు. కారంపూడిలో పల్నాటి వీరుల గుడి చూసిన పిల్లలకు వెంటనే అర్థమయ్యేది. పలనాడు తన చచ్చిపోయినవాళ్లను ఎప్పుడూ రాయిలో దాచుకుంది.

అమ్మా, మీ నాన్నగారికి ఆ స్తంభాల దగ్గర కూర్చోవడానికి కాస్త సమయం ఇవ్వండి.

కృష్ణాతీరం

అందరూ మ్యూజియం గొప్పతనం చెప్తున్నారు. నాకు మాత్రం ఆ ద్వీపంలో దిగిన ప్రతిసారీ గొంతు పట్టేస్తుంది. రెండు కొండల మధ్య అంతటి రాజధాని, ఆటస్థలం, స్నానఘట్టం, విహారాలు, అన్నిటినీ ముంచి కొండ మీద నమూనాలు పెట్టుకున్నాం. తొమ్మిది కట్టడాలు ఎత్తాం సరే, మిగతావి? మహాచైత్యం, అంటే అక్కడి పెద్ద స్తూపం, దాని అసలు పునాది నీళ్లలో ఉంది, పైన ఉన్నది తిరిగి పేర్చింది. దాన్ని చూసి పిల్లలు ఇదే అసలు అనుకుంటున్నారు. ఇంకో చోటు చూసుకుని డ్యామ్ కట్టి ఉండొచ్చు కదా.

కుడికాల్వ రైతు

కృష్ణాతీరం గారూ, మీ బాధ అర్థమైంది. మా తాతల కాలంలో మా ఊళ్లో వాన పడితే జొన్న, లేకపోతే వలస. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ గారు కాలవలకు నీళ్లు వదిలారు. కుడి వైపుది జవహర్ కాలువ, ఎడమది లాల్ బహదూర్ కాలువ. ఆ నీళ్లు మా చేలోకి వచ్చినప్పుడు మా నాయనమ్మ కాలవలో పసుపు కుంకుమ వేసింది. నేను చదువుకున్నది ఆ వరి మీదే. విజయపురి మునిగిందని నాకూ బాధే. కానీ "కట్టకుండా ఉంటే బాగుండేది" అని మాత్రం నా నోటితో అనలేను.

లెక్కల మాస్టారు

ఇద్దరూ నిజమే చెప్పారు. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన చేస్తూ నెహ్రూ దాన్ని పవిత్ర కార్యం అన్నారు. అదే ప్రభుత్వం ఆ లోయలో ఆరేళ్లపాటు తవ్వకాలు చేయించింది, రాళ్లు ఎత్తించింది. చేసింది చాలా? నా లెక్కలో చాలదు. కానీ 1926లో ఆ స్తంభం ఎవరూ చూడకపోయి ఉంటే, ఏం మునిగిందో కూడా మనకు తెలిసేది కాదు.

కృష్ణాతీరం గారి ఒక్క మాటతో పూర్తిగా ఏకీభవిస్తాను. తిరిగి పేర్చినది ఏది, నమూనా ఏది, అసలు రాయి ఏది అని ప్రతి కట్టడం దగ్గరా తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి ఉండాలి. ఎదురుగా ఉన్న రాయి అసలుదో కాదో ఒక పిల్లవాడు అడగాల్సిన అవసరం రాకూడదు.

ఎడిసన్ కోడలు

నేను న్యూజెర్సీలో ఉంటాను. 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో తొలినాటి బౌద్ధ శిల్పకళ మీద పెద్ద ప్రదర్శన పెట్టారు. మా పిల్లల్ని తీసుకెళ్లాను. సూర్యాపేట జిల్లా ఫణిగిరి నుంచి తెచ్చిన తోరణపు రాళ్లు చూసి నిలబడిపోయాను, అదీ ఇక్ష్వాకుల కాలపు చోటే. మా మేనమామ ఊరు అక్కడికి దగ్గరే. నాగార్జునకొండ సున్నపురాయి పలకలు ఆ మ్యూజియం సొంత సేకరణలోనూ ఉన్నాయి. పారిస్ గిమే మ్యూజియంలో, ఢిల్లీ నేషనల్ మ్యూజియంలో కూడా ఉన్నాయి.

మా అమ్మాయి అడిగింది, "మన ఊరి రాయి ఇక్కడికి ఎవరు తెచ్చారు?" అని. అమరావతి కథ చెప్పాను. బ్రిటిష్ అధికారి కాలిన్ మెకంజీ 1797లో చూడటం, తర్వాత ఇంకో అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించిన పలకలు మద్రాసుకి, 1859లో అక్కడి నుంచి ఓడలో లండన్‌కి వెళ్లడం. ఇప్పటికీ అవి బ్రిటిష్ మ్యూజియంలోనే ఉన్నాయి. అమరావతితో పోలిస్తే నాగార్జునకొండ శిల్పాల్లో ఎక్కువ భాగం దొరికిన చోటి గాలిలోనే ఉన్నాయి. లాంచీ ఎక్కి వెళ్లి చూడగలగడం అదృష్టం అనుకోండి.

రాయి ఉలి

ఎడిసన్ కోడలు గారూ, మీ అమ్మాయి ప్రశ్న నా పని గది గోడ మీద రాసుకుంటాను.

పిడుగురాళ్ల శ్రీ

ఒక సందేహం. ఆచార్య నాగార్జునుడు అక్కడే ఉండేవాడని, ఆయన పేరు మీదే కొండకి ఆ పేరని చిన్నప్పటి నుంచీ విన్నాం. మ్యూజియంలో ఆయనకి సంబంధించింది ఏమైనా ఉందా? ఓ గైడు మాకు ఒక విహారం చూపించి "ఇదే ఆయన గది" అని చెప్పాడు.

శాసనాల శీను

ఆ లోయలో దొరికిన ఇక్ష్వాకుల శాసనాల్లో ఆచార్య నాగార్జునుడి పేరు లేదండీ. అప్పటి వాళ్లు ఊరిని విజయపురి అన్నారు, కొండను శ్రీపర్వతం అన్నారు. నాగార్జునుడు శ్రీపర్వతం మీద ఉన్నాడని టిబెట్ వాళ్ల సంప్రదాయం చెప్తుంది, అందుకే జనం ఈ రెండింటినీ ముడివేశారు. ఆయన పేరు శాసనంలో కనిపించేది జగ్గయ్యపేటలో. అక్కడ ఒక బుద్ధ విగ్రహం మీద, నాగార్జునాచార్యుడి శిష్యుడు జయప్రభుడు, అతని శిష్యుడు చంద్రప్రభుడు దీన్ని చేయించాడని ఉంది. అది ఇక్ష్వాకుల తర్వాతి కాలపు రాత. కాబట్టి ఈ ప్రాంతంలో ఆయన పరంపర ఉందని గట్టిగా చెప్పొచ్చు. ఫలానా గది ఆయనది అంటే మాత్రం నమ్మకండి.

శాసనాలంటే గుర్తొచ్చింది, మనవరాలు గారూ. మహాచైత్యం స్తంభాల మీది అక్షరాలు దగ్గరగా చూడండి. బ్రాహ్మీ లిపే, కానీ నిలువు గీతల్ని తోకల్లాగా కిందికి లాగి, చివర వంకర తిప్పి రాశారు. ముగ్గు వేసే చెయ్యి అలాగే తిరుగుతుంది. మొదటి మాటలు "సిధం నమో భగవతో". ఇది తెలిస్తే స్తంభం స్తంభానికీ మొదటి రెండు మూడు అక్షరాలు మీరే పోల్చుకోవచ్చు. నాలుగు దిక్కులా ఐదేసి స్తంభాలు, బుద్ధుడి జీవితంలోని ఐదు ఘట్టాలకు గుర్తు.

ఆ చైత్యం లోపల లాంగ్‌హర్స్ట్‌కి ఒక వెండి భరిణె, దానిలో చిన్న బంగారు భరిణె, అందులో బఠానీ గింజంత ఎముక ముక్క దొరికాయి. ఆ ఎముక ముక్కను తర్వాత సారనాథ్‌లోని మూలగంధకుటి విహారానికి ఇచ్చారు.

కృష్ణాతీరం

ఆ చైత్యాన్ని పైనుంచి చూస్తే బండి చక్రంలా ఉంటుందని కూడా చెప్పండి. మధ్యలో కుండ, ఆకులు, చుట్టూ పట్టా, అంతా ఇటుక గోడలే. ఆకుల మధ్య మట్టి నింపేవాళ్లు. 20 అంగుళాల పొడవున్న ఇటుకలు అవి. కొండ మీద తిరిగి కట్టినదాంట్లో ఆ చక్రం తెలుస్తుంది. ఇంకో స్తూపం లోపల స్వస్తిక ఆకారం ఉంది, అదీ చూడండి. పైన నేను కోపంగా రాశాను, ఏమీ అనుకోకండి.

తెనాలి తులసి

ఇంతసేపటి నుంచీ చదువుతున్నాను, ఆడవాళ్ల సంగతి ఎవరూ పూర్తిగా చెప్పరేం? ఆ మ్యూజియంలో నన్ను కదిలించింది వాళ్లే.

మహాచైత్యాన్ని నిలబెట్టింది చాంతిసిరి. చాంతమూల రాజు చెల్లెలు. వీరపురుషదత్తుడికి మేనత్త, అత్తగారు కూడా. అంటే మన మేనరికమే! చాంతమూలుడి ఇంకో చెల్లెలు హమ్మసిరి కూతుళ్లు బాపిసిరి, ఛఠిసిరి కూడా వీరపురుషదత్తుడి భార్యలే. 1700 ఏళ్ల కిందటి రాయి మీద అత్తకూతుర్ని చేసుకున్న సంగతి చదువుతుంటే మా ఇంటి పెళ్లిపత్రిక చదివినట్టు అనిపించింది. ఉజ్జయిని రాజు కూతురు రుద్రధర భట్టారిక ఒక స్తంభం, 170 దీనార మాషకాలు ఇచ్చిందని రాసి ఉంది. "దీనారం" అన్న మాట రోము నాణెం నుంచి వచ్చిందే.

ఇక బోధిసిరి రాణి కాదు, మామూలు ఉపాసిక. ఆమె సింహళం నుంచి వచ్చిన థేరుల కోసం, అంటే పెద్ద బౌద్ధ భిక్షువుల కోసం, చైత్యగృహం కట్టించింది. ఆ శాసనంలో ఆ థేరులు ధర్మం చెప్పిన దేశాల పట్టిక ఉంది: కాశ్మీరం, గాంధారం, చీనా, కిరాత దేశం, తోసలి, వంగ, వనవాసి, యవన, ద్రమిళ... ఒక్క ఆడమనిషి ఇచ్చిన దానంలో ప్రపంచమంతా ఉంది. ఘంటసాలలో కూడా ఆమె రాతి మండపం కట్టించింది. ఆ ఊరి పేరు అప్పుడు కంటకసోల.

ఎహువుల చాంతమూలుడి రాణి ఖందువుల ప్రతిష్ఠించిన తల లేని దేవత రాయి ఒకటి ఉంది. సంతానానికి కొలిచే తల్లి. దాని మీద రాణి తన గురించి రెండు మాటలు చెక్కించుకుంది: "అవిధవా", "జీవపుతా". భర్త ఉన్నది, బతికిన బిడ్డలు ఉన్నది. నోములో వాయనం ఇచ్చేటప్పుడు మా అమ్మ ముత్తైదువులకు బొట్టు పెట్టి అనే దీవెన ఇదే కదా. భర్త పోయాక మా అమ్మను ఆ పేరంటాలకు పిలవడం మానేశారు, అది కూడా గుర్తొచ్చింది. ఆ మాటలు చదివినప్పుడు సంతోషం, బాధ రెండూ ఒకేసారి కలిగాయి.

మాచర్ల మనవరాలు

తులసి గారూ, మీ పోస్టు ఇంట్లో గట్టిగా చదివాను. మా అమ్మానాన్నలది కూడా మేనరికమే. అమ్మ నవ్వి, "అయితే నేను ఇక్ష్వాకుల కోడల్నే" అంది. ఆదివారం వెళ్తున్నాం.

లెక్కల మాస్టారు

శుభం. అనుపు కూడా చూడండి, ఓపిక ఉంటే. మెట్లమెట్లుగా కట్టిన ఆటస్థలం అక్కడ తిరిగి నిలబెట్టారు. మధ్యలో నిలబడి మెల్లగా మాట్లాడితే పై మెట్టుకి వినిపిస్తుంది. పిల్లలతో చప్పట్లు కొట్టించండి.

మాచర్ల మనవరాలు

వెళ్లొచ్చాం. రెండు రోజులైంది, ఇప్పటికి కుదిరింది రాయడం.

లాంచీలో నాన్న లోపల కూర్చోలేదు. అంచు కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. సగం దూరం పోయాక వంగి చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్నాడు. "ఏంటి నాన్నా" అంటే, "ఊళ్లోకి వచ్చాం" అన్నాడు. రేవు వచ్చేదాకా మళ్లీ వేసుకోలేదు. ఊరు సరిగ్గా ఎక్కడో ఆ నీళ్ల మీద ఎలా తెలిసిందో నాకు తెలియదు. రెండు కొండల్ని చూసి పోల్చుకున్నానని తర్వాత చెప్పాడు.

శీను గారి మాట ప్రకారం ముందు లోయ నమూనా దగ్గరికే తీసుకెళ్లాను. మొదట ఏమీ అర్థం కానట్టు చూశాడు. తర్వాత కొండల్ని ఒక్కొక్కటే తన పేర్లతో చెప్పడం మొదలుపెట్టాడు, ఆ పేర్లు నేనెప్పుడూ వినలేదు. మహాచైత్యం చూపించి, అక్కడి నుంచి వేలు మెల్లగా జరిపి, ఒకచోట ఆపాడు. "ఇక్కడ చింతచెట్టు. దాని కింద మా నాయన తట్ట పక్కన పెట్టి సద్ది తినేవాడు." పక్కనే ఉన్న కాలేజీ పిల్లలు నలుగురు వచ్చి చుట్టూ నిలబడ్డారు. అరగంట చెప్పాడు. నా 46 ఏళ్లలో ఆయన ఊరి గురించి అంతసేపు మాట్లాడటం నేను వినలేదు. ఫోన్‌లో రికార్డు చేశాను, ఆ కొండల పేర్లన్నీ రాసి పెడతాను.

ఛాయాస్తంభాల దగ్గర కూర్చున్నాడు, మాస్టారూ. యక్షుల చేతులు చూశాం, ఉలి గారూ. మీరు చెప్పినట్టు పక్కకి జరిగితేనే భుజాల వంపు తెలిసింది. తల లేని తల్లి దగ్గర అమ్మ చేతులు జోడించింది. బ్రాహ్మీ అక్షరాల్లో మా అబ్బాయి "సి" పట్టుకున్నాడు, మిగతాది రాలేదు. అనుపు వెళ్లే ఓపిక లేకపోయింది, ఇంకోసారి.

ఒకచోట పాత తవ్వకాల ఫోటోలు ఉన్నాయి, తట్టలు ఎత్తుకుని వరుసగా నడుస్తున్న కూలీలు. మొహాలు చిన్నగా ఉన్నాయి, గుర్తుపట్టేంత కాదు. నాన్న ప్రతి ఫోటో ముందూ ఆగాడు.

సాగర్ తమ్ముడూ, ఒక మాట. తిరిగి వచ్చేటప్పుడు నాన్న డ్యామ్ వైపు చాలాసేపు చూసి, "ఆ అబ్బాయి వాళ్ల నాయన ఉన్నాడా?" అని అడిగాడు. ఉంటే కలవాలని ఉందట.

సాగర్ హిల్‌కాలనీ

ఉన్నాడక్కా. 84 ఏళ్లు, చెవులు కొంచెం తక్కువ వినపడతయి, మిగతా అంతా బాగనే ఉంది. మీ పోస్టు చదివి వినిపించిన. చెప్పులు విప్పిన మాట దగ్గర మళ్లీ చదవమన్నాడు. వచ్చే ఆదివారం మధ్యాహ్నం అన్నానికి రండి, అందరూ. లాంచీ అవసరం లేదు, వంతెన మీదుగా వచ్చేయొచ్చు.